డెంగీ వస్తే టీకా ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుందట!

బెంగళూరులో వానలు మొదలై దోమలు లేచాయంటే చాలు, మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఈ మెసేజ్ తిరుగుతుంది: "వైరస్ పాలిమరేజ్ జిరాక్స్ మిషన్ లాంటిది, ఏ ఆర్‌ఎన్‌ఏ దొరికినా కాపీ కొడుతుంది, కోవిడ్ టీకా వేసుకున్నవాళ్లకు డెంగీ వస్తే టీకా ఆర్‌ఎన్‌ఏ లక్షల్లో పెరుగుతుంది, ల్యాబులో రుజువైంది." ఈసారి మా పిన్ని కూడా పంపింది, ఇక రాయక తప్పలేదు. (ఆర్‌ఎన్‌ఏ అంటే జన్యు సమాచారం మోసే పోగు, పాలిమరేజ్ అంటే దాన్ని కాపీ కొట్టే ఎంజైము.)

ముందు టీకా సంగతి. మనదేశంలో జనం ఎక్కువగా వేసుకున్నవి కోవిషీల్డ్, కోవాక్సిన్. రెండూ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు, అంటే ఒంట్లోకి ఆర్‌ఎన్‌ఏ ఎక్కించే రకం, కావు. సగం టెన్షన్ ఇక్కడే తీరాలి. పోనీ అమెరికాలో మీ అబ్బాయి ఆ రకం టీకా ఫైజర్ వేసుకున్నాడనుకోండి, ఆ ఆర్‌ఎన్‌ఏ వారాల్లో కరిగిపోయే సరుకు, ఏళ్ల తర్వాత వచ్చే డెంగీకి అక్కడేం మిగులుతుంది?

"ఏ ఆర్‌ఎన్‌ఏ దొరికినా" అన్నదే అసలు తప్పు. కణం నిండా మన ఆర్‌ఎన్‌ఏనే ఉంటుంది, చొరబడ్డ కొత్తలో వైరస్‌ది పిసరంత. అన్నిటినీ కాపీ కొడుతూ కూర్చుంటే వైరస్ తన కొంప తానే ముంచుకున్నట్టు. అందుకే గుర్తు చూసి గానీ పని మొదలుపెట్టదు. డెంగీ వైరస్ ఆర్‌ఎన్‌ఏ సుమారు 10,700 అక్షరాల (పోగులో వరసగా ఉండే రసాయన ముక్కల) పొడవు. ముందు కొసన దాదాపు 70 అక్షరాలు మడతపడి ఒక ఆకారం కడతాయి, ఎన్‌ఎస్5 అనే పాలిమరేజ్ పట్టుకునేది దాన్నే. తమాషా ఏంటంటే కాపీ మొదలవ్వాల్సింది అక్కడ కాదు, ఎక్కడో వెనక కొసన! రెండు కొసల్లోనూ ఒకదానితో ఒకటి జతకుదిరే ముక్కలున్నాయి, అవి అతుక్కుంటే ఆర్‌ఎన్‌ఏ గుండ్రంగా చుట్టుకుని వెనక కొస పాలిమరేజ్ దగ్గరికే వస్తుంది. ఒక కొసలో అక్షరాలు మార్చి జత చెడగొడితే కాపీ పడిపోతుంది, రెండో కొసనూ దానికి సరిపడేలా మారిస్తే మళ్లీ నడుస్తుంది. ఇలాంటి కొసలు ఫైజర్ టీకాలో లేవు.

"ల్యాబులో రుజువైంది" అన్నదాంట్లో కాస్త నిజముంది. పోలియో పాలిమరేజ్‌కి పరీక్షనాళికలో కాపీ మొదలుపెట్టడానికి ప్రైమర్ అనే చిన్న ముక్క అందిస్తే పరాయి ఆర్‌ఎన్‌ఏనూ కాపీ చేస్తుంది. కణంలో అలా అందించేవాళ్లెవరూ ఉండరు. ల్యాబులోనే 1965లో హరునా, స్పీగెల్‌మన్ అనే శాస్త్రవేత్తలు క్యూబీటా ఫేజ్ (బ్యాక్టీరియాను పట్టే ఒక వైరస్) కాపీ ఎంజైముకి, అదే బ్యాక్టీరియాను పట్టే ఎంఎస్2 అనే మరో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఇచ్చి చూశారు. కాపీ చెయ్యలేదు. ఈ ముక్క ఫార్వర్డ్‌లో ఉండదు లెండి.

"మరి పుణె జెన్నోవా కంపెనీ వాళ్ల కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా జెమ్‌కోవాక్?" అని ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. 2022లో అనుమతి వచ్చిన ఆ టీకా ఆర్‌ఎన్‌ఏ నిజంగానే ఒంట్లో కాపీ అవుతుంది. కానీ కాపీ కొట్టే ఎంజైము తయారీ సమాచారం అందులోనే ఉంటుంది, ఆ ఎంజైము గుర్తుపట్టే కొసలూ పనిగట్టుకుని పెట్టినవే, డెంగీ పాలిమరేజ్‌కి అవి పనికిరావు.