సంతకం మనది, చట్టం వాళ్ళది

కాలిఫోర్నియాలో ఓటు హక్కు వచ్చిన మన తెలుగు వాళ్ళందరికీ ఈ మాట చెప్పాలనిపించింది. బ్యాలెట్‌లో అభ్యర్థుల పేర్లు అయిపోయాక ప్రాపొజిషన్లు, అంటే జనం నేరుగా ఓటేసి తేల్చే చట్ట ప్రతిపాదనలు, వరసగా ఉంటాయి కదా, వాటిని ఆఖరి నిమిషంలో చకచకా నింపేసి పంపెయ్యకండి. "జనం సంతకాలు పెడితేనే కదా ఇక్కడిదాకా వచ్చింది, మంచిదే అయ్యుంటుంది" అనేవాళ్ళని చాలామందిని చూశాను. సంతకాలు జనానివే. కానీ వాటిని పెట్టించింది ఎవరు, ఎవరి డబ్బుతో అన్నదే అసలు ప్రశ్న.

ఇలా సంతకాలతో చట్టాన్ని బ్యాలెట్‌కి తెచ్చే హక్కు 1911లో వచ్చింది. అప్పట్లో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ మాటే ఇక్కడి శాసనసభలో చెల్లేది. ఆ పట్టు వదిలించడానికే గవర్నర్ హైరమ్ జాన్సన్ పూనుకున్నాడు. తగినన్ని సంతకాలు తెచ్చి, ఓట్లలో నెగ్గితే జనమే చట్టం రాసుకోవచ్చు, శాసనసభ చేసిన చట్టాన్ని ఆపించుకోవచ్చు. కంపెనీల పెత్తనం మీద జనానికి ఇచ్చిన ఆయుధం అది. ఇప్పుడు అది ఎవరి చేతిలో ఉందో చూడండి.

2019లో శాసనసభ ఏబీ 5 అనే చట్టం చేసింది. దాని ప్రకారం యాప్‌ల మీద బతికే డ్రైవర్లలో చాలామందిని ఉద్యోగులుగా గుర్తించాల్సి వచ్చేది. ఉబర్, లిఫ్ట్, డోర్‌డ్యాష్, ఇన్‌స్టాకార్ట్ లాంటి కంపెనీలు ఏం చేశాయి? ఆ డ్రైవర్లు ఉద్యోగులు కారనే చట్టం తామే రాయించుకుని, సంతకాలు పోగుచేయించి, 2020 బ్యాలెట్‌లో ప్రాపొజిషన్ 22గా (ప్రాప్ 22) పెట్టించాయి. దాని మీద 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. ఎదురు నిలిచిన కార్మిక సంఘాల వైపు ఖర్చు అందులో పదో వంతు. టీవీ ప్రకటనలు చాలవన్నట్టు, బండి కోసం యాప్ తెరిచిన వాళ్ళకీ, ఆ బండి నడిపే డ్రైవర్లకీ అదే ప్రచారం. 58 శాతానికి పైగా ఓట్లతో నెగ్గింది.

డ్రైవర్లకి దక్కిందేమిటి? కనీస వేతనానికి 120 శాతం గ్యారంటీ అన్నారు. అది రైడ్ ఒప్పుకున్నప్పటి నుంచి దింపేదాకా మాత్రమే. తర్వాతి రైడ్ కోసం ఎదురుచూసే సమయం లెక్కలోకి రాదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇంకొకటి. ఈ చట్టాన్ని శాసనసభ సవరించాలంటే రెండు సభల్లోనూ ఎనిమిదింట ఏడు వంతుల మంది ఒప్పుకోవాలి. అంత మెజారిటీ ఎక్కడ దొరుకుతుంది? కంపెనీలు చట్టం రాసుకుని, తాళం వేసి, తాళంచెవి కూడా పట్టుకుపోయాయి. 2024 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం చెల్లుతుందనే చెప్పింది.

బ్యాలెట్ దాకా కూడా పోకుండానే పని జరిపించుకోవచ్చని 2018లో కోక్, పెప్సీ లాంటి సోడా కంపెనీలు చూపించాయి. ఊళ్ళు ఒక్కొక్కటిగా సోడా మీద పన్ను వేయడం మొదలుపెట్టాయి. కంపెనీలు ఇంకా పెద్ద ప్రతిపాదనకి సంతకాలు తెచ్చాయి. అది నెగ్గితే ఏ ఊరు ఏ పన్ను పెంచాలన్నా మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అప్పుడు ఆస్పత్రులకీ, ఫైర్ స్టేషన్లకీ డబ్బెక్కడిది? శాసనసభ మెడ మీద కత్తి పెట్టినట్టయింది. బేరం కుదిరింది. 2030 దాకా ఏ ఊరూ కొత్తగా సోడా పన్ను వేయకూడదని చట్టం చేశారు, కంపెనీలు తమ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాయి. ఆ కాగితాల మీద సంతకాలు చేసిన జనాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

డబ్బు పెట్టినవాళ్ళే ఎప్పుడూ గెలుస్తారని నేను అనను. 2010లో పీజీ అండ్ ఈ కరెంటు కంపెనీ తానే తెచ్చిన ప్రాప్ 16 మీద 4 కోట్ల డాలర్లకు పైగా పోసి ఓడిపోయింది. 2022లో ఆన్‌లైన్ బెట్టింగ్ ప్రతిపాదనకి 80 శాతానికి పైగా జనం వద్దన్నారు. కానీ డబ్బు లేనివాడు అసలు పోటీలోకే రాలేకపోతున్నాడు. 2020లో ఒక చట్టాన్ని బ్యాలెట్‌లో పెట్టాలంటే 6,23,212 చెల్లే సంతకాలు కావాల్సి వచ్చింది, అదీ 180 రోజుల్లో. ఏ కాలనీ సంఘం, ఏ డ్రైవర్ల గుంపు తేగలదు? అందుకే సంతకానికి ఇంత అని కూలి ఇచ్చి మనుషుల్ని పెడతారు. కాస్ట్‌కో బయట ఎండలో నిలబడే ఆ మనిషి మీద నాకు కోపం లేదు. సంతకానికింత అన్నప్పుడు, ఉన్నది ఉన్నట్టు విడమర్చి చెప్పేవాడికి గిట్టుబాటు కాదు.

డబ్బిచ్చి సంతకాలు సేకరించడాన్ని పూర్తిగా నిషేధించడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. కానీ సంతకానికింత అనే లెక్కని ఆపవచ్చు. ఒరెగాన్ 2002లోనే ఆపింది. ఇక్కడ శాసనసభ అలాంటి బిల్లులు పంపితే అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ వీటో చేశారు, తర్వాత గవర్నర్ అయిన గ్యావిన్ న్యూసమ్ కూడా చేశారు. ఈ ఒక్క విషయం మీద మన అసెంబ్లీ సభ్యులకి, సెనేటర్లకి ఉత్తరాలు రాయాలి, ఫోన్లు చేయాలి. గుడి కమిటీలకీ, తెలుగు సంఘాలకీ ఓట్ల కోసం వచ్చే అభ్యర్థుల్ని నిలబెట్టి అడగాలి.

అంతవరకూ మన చేతిలో ఒకటి ఉంది. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ళ పేర్లు పిటిషన్ మీదైనా, విడి కాగితం మీదైనా చూపించాలని 2019లో చట్టం వచ్చింది. సంతకం అడిగితే ముందు ఆ పేర్లు చూపించమనండి. చూపించకపోతే పెన్ను తిరిగిచ్చేయండి.