28 రోజుల మందు ఎవరు చూస్తారు?

లైంగిక దాడికి గురైన పాపను ఆసుపత్రికి తెచ్చిన రోజు అందరూ ఉంటారు. పోలీసులు, డాక్టర్, శాంపిళ్లు, సంతకాలు. పదో రోజున ఎవరూ ఉండరు. ఒక్కోసారి పాప కూడా ఊళ్లో ఉండదు.

ఒడిశా సరిహద్దులో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో ఉండే తెలుగు కుటుంబం అలాంటప్పుడు ఏం చేస్తుంది? నలుగురి నోళ్లలో నానకూడదని పిల్లను అమ్మమ్మగారింటికి పంపుతుంది. అది ఆంధ్రాలోని పాతపట్నమో, పార్వతీపురమో అవుతుంది. వాళ్లను తప్పుపట్టలేం. కానీ వైద్యం ఒడిశాలోనే ఉండిపోతుంది.

హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఎంత ముందైతే అంత మేలు. డాక్టర్ రాస్తే 28 రోజులూ మానకుండా వేసుకోవాలి. కడుపులో తిప్పుతోందని పిల్ల ఏడిస్తే, అడగడానికి ఎవరూ లేని అమ్మమ్మ ‘చాల్లే, ఆపేద్దాం’ అంటుంది. దాడి జరిగిన 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు రక్తపరీక్షలు. హెపటైటిస్-బి టీకా పడకపోతే అదీ వేయించాలి. పెద్దమనిషైన పిల్ల అయితే నెల తప్పిందేమో చూడాలి. గర్భం తీయించుకోవడానికి మైనర్లకు చట్టం 24 వారాల వరకు వీలిస్తోంది. ఎవరూ చూడకపోతే ఆ వారాలు ఇట్టే గడిచిపోతాయి.

మనసు సంగతి ఇంకా కష్టం. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచే, పక్క తడిపే పిల్లకు గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లున్నారు. బడిలో ఒడియా నేర్చినా భయం చెప్పుకునేది ఇంటి భాషలోనే కదా. కౌన్సెలింగ్ తెలుగులో దొరకాలి.

బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 397 సెక్షన్ చెబుతోంది. బాధితులది ఏ రాష్ట్రమన్న షరతు ఇందులో లేదు. ఆ ‘వెంటనే’ దగ్గరే అందరూ ఆగిపోతున్నారన్నది మా బాధ.

28 రోజుల మందూ మొదటిసారే చేతికివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడా అదే చేయాలి. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో నిబంధనల ప్రకారం పిల్లకు నియమించే సహాయక వ్యక్తి తెలుగు వచ్చినవారై, వారానికోసారైనా ఫోన్ చేయాలి. గజపతి, రాయగడ, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల వైద్యాధికారులు ఒక పూట కలిసి కూర్చుంటే, ఏ ఆసుపత్రిలో ఎవరిని అడగాలో రెండు వైపులా తెలుస్తుంది. పిల్ల వెంట పంపే చీటీలో తేదీలు, మందులు, పరీక్షలు ఉంటే చాలు. ఏం జరిగిందో మళ్లీ రాయక్కర్లేదు, అమ్మమ్మ ఊరి కౌంటర్ దగ్గర పిల్ల మళ్లీ చెప్పక్కర్లేదు.