జన్యువులే సర్దుకుపోవాలి

బయోఇన్ఫర్మాటిక్స్, అంటే జన్యువుల సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే శాస్త్రం, చదివేవాళ్లకు ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్పాలని ఈమధ్య కొందరు గోల చేస్తున్నారు. పైథాన్ రావాలట, ఆర్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష రావాలట, ఆదేశాలు టైపు చేసే లినక్స్ టెర్మినల్ చూసి జడుసుకోకూడదట. ఈ దుడుకుతనాన్ని ఖండించక తప్పడం లేదు. మనుషులకు నేర్పడం కష్టం. జన్యువుల పేర్లు మార్చడం తేలిక. చరిత్ర కూడా నా పక్షానే ఉంది.

సెప్ట్1, మార్చ్1 అనే జన్యువులు మనందరి ఒంట్లోనూ ఉన్నాయి. ఎక్సెల్‌లో కొడితే ఒకటి సెప్టెంబరు 1, ఇంకొకటి మార్చి 1 అయిపోయేవి. 2004లోనే పరిశోధకులు వ్యాసం రాసి మరీ హెచ్చరించారు. ఎవరూ కంగారు పడలేదు. 2016లో లెక్క తీస్తే, ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన వ్యాసాల్లో దాదాపు ఐదో వంతు ఇలాంటి తప్పులతోనే ఉన్నాయి. చివరికి 2020లో, మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ వాటిని సెప్టిన్1, మార్చ్ఎఫ్1 అని మార్చేసింది. ఈ తేదీల పిచ్చిని ఆపుకొనే మీట మైక్రోసాఫ్ట్ ఇచ్చింది 2023లో. కోట్ల ఏళ్ల పరిణామానికి తట్టుకున్న జన్యువు స్ప్రెడ్‌షీట్ ముందు మూడేళ్ల ముందుగానే తలవంచిందన్నమాట. ఇంత పెద్దరికం జన్యువులకే ఉన్నప్పుడు విద్యార్థిని ఎందుకు ఇబ్బంది పెట్టాలి?

ఈ బాటలోనే ఇంకో సంస్కరణ కావాలి. డీఎన్ఏలో ఏ జన్యువు ఎక్కడుందో రాసుకునే ఫైళ్లలో బెడ్ ఫైలు డీఎన్ఏ అక్షరాలను సున్నా నుంచి లెక్కపెడుతుంది, జిఎఫ్ఎఫ్ ఫైలు ఒకటి నుంచి. మొదటి వంద అక్షరాలు ఒకదాంట్లో 0-100, ఇంకోదాంట్లో 1-100. ఇది మరిచిపోయి ఒక్క అక్షరం జరిపారా, మూడేసి అక్షరాలుగా చదవాల్సిన జన్యువు మొత్తం తప్పి, వచ్చే ప్రోటీన్ ఎవరికీ చెందనిది అవుతుంది. ప్రతి క్రోమోజోమూ మొదట్లో ఒక ఉత్త అక్షరం పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. కమిటీ ఆలోచించాలి.

ఇక మన పాఠాల సంగతి. ఫిబొనాచి వరస, ప్రధాన సంఖ్యలు, లూప్ అంటే నిర్వచనం, అన్నీ కాగితం మీదే రాయిస్తాం. దీన్ని వెక్కిరించేవాళ్లు గమనించని గొప్ప గుణం ఒకటుంది: కాగితం మీద రాసిన ప్రోగ్రామ్‌కి ఎర్రర్ రాదు. ఫైలు దొరకలేదని అనదు, మెమరీ చాలలేదని ఆగిపోదు. ఒక ఫైల్లో క్రోమోజోమ్ పేరు ‘సిహెచ్ఆర్1’ అనీ, రెండో ఫైల్లో ఉత్త ‘1’ అనీ ఉంటే, రెండింటికీ ఉమ్మడిగా ఏమీ లేదని కంప్యూటర్ ప్రశాంతంగా సున్నా చూపిస్తుంది. కాగితం ఇంత మోసం చేయదు.

ల్యాబ్‌లో అయితే రాయనక్కర్లేదు, సీనియర్ రాసిపెట్టిన స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, ఉంటుంది. అది పాత వెర్షన్ పైథాన్ 2లో ఉంటుంది. ఆ పైథాన్‌కి దాని కర్తలే 2020 జనవరి 1న సెలవు ఇచ్చేశారు, మన ల్యాబ్ ఇవ్వలేదు. కొత్త పైథాన్ 3లో నడిపితే ప్రింట్ ఆదేశం దగ్గర గొడవ చేస్తుంది కాబట్టి జూనియర్ బ్రాకెట్లు పెట్టి గెలిచాననుకుంటాడు. భాగహారం మాత్రం నోరెత్తదు: నిన్నటిదాకా ఏడును రెండుతో భాగిస్తే మూడు, ఇవాళ మూడున్నర. సీనియర్ ఎప్పుడో ఉద్యోగంలో చేరిపోయాడు, అడగడానికి నంబరు కూడా పనిచేయదు.

సొంతంగా కోడ్ రాస్తే ఏమవుతుందో కూడా తెలిసిందే. ఒక పరిశోధక బృందం సొంత ప్రోగ్రామ్‌లో రెండు నిలువు వరసలు తారుమారై, ప్రోటీన్ నిర్మాణాలు అద్దంలో బొమ్మల్లా తిరగబడ్డాయి. 2006లో బయటపడి, ఐదు వ్యాసాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రాయకపోతే తారుమారు కావు కదా!

సంస్కర్తలు ఇంకో వింత కోరిక కోరుతున్నారు. అసలు డేటా మీద పడేముందు, పది వరసల చిన్న ఫైలు తీసుకుని, జవాబు చేత్తో లెక్కగట్టి కోడ్‌ను సరిచూసుకోవడం మొదటి సెమిస్టర్‌లోనే నేర్పాలట. నేర్పితే విద్యార్థి సరిచూస్తాడు. చూస్తే తప్పు దొరుకుతుంది. దొరికితే గైడ్‌కి చెప్పాలి. ఆయన వ్యాసం అప్పటికే పత్రికకు పంపేసి ఉంటారు.