కెపాసిటరు మార్చినా పోని తంబురా

చెన్నపట్నంలోని ఒకానొక చిన్న శాస్త్రీయ సంగీత రికార్డింగు కంపెనీ వారికి, కర్నూలు నుంచి మీ పాత గిరాకీ రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ ఎండ 44 డిగ్రీలు. తుంగభద్రలో నీళ్లకంటే రాళ్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. మిగతా అంతా క్షేమమే. ముందు బిల్లు సంగతి తేల్చుకుందాం. 250 రూపాయలు మీరు నాకు బాకీ.

మీ కొత్త సీడీ వచ్చిన రోజే మా ప్లేయరు మూత తెరుచుకోనని మొండికేసింది. పాతబస్టాండు దగ్గర ఇంకా సీడీ ప్లేయర్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. మూత పది నిమిషాల్లో బాగుచేశాడు. టెస్టింగుకని మీ సీడీయే వేశాడు. గాయని నోరు విప్పకముందు నిమిషంన్నర సేపు ఒట్టి తంబురా పెట్టారు కదా మీరు? భాయ్ చెవి స్పీకరుకు ఆనించి, "హమ్ము వస్తాంది సార్. కెపాసిటరు పోయింది" అన్నాడు. నేను చెప్పేలోపే పాతది పీకేసి కొత్తది అతికించాడు. ఆ 250 దీనికే. హమ్ము పోలేదు. పోదు కదా! ఇంతలో కాంభోజి రాగం ఆలాపన మొదలైంది, మాటల్లేకుండా. నేను పోయి ఉగ్గాని బజ్జీ తిని, టీ తాగి వచ్చేసరికి ఆమె ఇంకా పంచమం చుట్టూనే తిరుగుతోంది. "సార్, డిస్కు ఒక్క దగ్గరే తిరుగుతాంది. ఇంత సేపైనా పాట పడ్లేదే! లెన్సు కూడా తుడవాల" అన్నాడు భాయ్. తుడిచాడు కూడా. లెన్సుకు డబ్బులు తీసుకోలేదు, అది ఆయన మంచితనం.

ఇంత జరిగిందంటే తప్పెవరిది? ముమ్మాటికీ మీదే. గ్రామఫోను ప్లేటు రోజుల్లో ఒక వైపుకు మూడు, మూడున్నర నిమిషాలు. ఆ ఇరుకులోనే పెద్ద పెద్ద విద్వాంసులు రాగం చూపించి, కీర్తన పాడి, నాలుగు స్వరాలు వేసి దిగిపోయారు. క్యాసెట్టు వచ్చాక వైపుకు అరగంట దొరికింది. తని ఆవర్తనం, అదే మృదంగం ఒంటరి వాయింపు, ఊపందుకునే వేళకు టక్కుమని ఆగేది. మనం లేచి తిప్పి వేసేలోపు మృదంగం వేడి చల్లారేది. ఆ బాధలన్నీ మాకు అలవాటైపోయాయి, హాయిగా ఉన్నాం. మీరొచ్చి ఒక్క ముక్క కూడా కోయబోమని కూర్చున్నారు. ఒక సీడీలో పట్టేది 74 నిమిషాలు, మహా అయితే 80. అందుకని కచేరీకి మూడు సీడీలు! కోయకుండా అమ్మే వ్యాపారం పుచ్చకాయల బండివాడు కూడా చేయడు.

సీడీ వద్దు, ఫైలు పంపండని అడిగితే 24 బిట్లు, 96 కిలోహెర్ట్జులు అన్నారు. కుదించకపోతే గంటకు 2 జీబీ పైమాటే. నా ఫోను ప్లానులో రోజుకొచ్చేది 1.5 జీబీ. అంటే గంట సంగీతమైనా ముప్పాతిక దగ్గరే ఆగుతుంది, తని మళ్లీ రేపటికే. క్యాసెట్టే నయం, తిప్పి వేస్తే వచ్చేది.

ఇక సీడీలతో వచ్చిన ఆ పుస్తకం. మైకులు ఎన్ని, ఎంత ఎత్తున, ఎంత దూరాన పెట్టారో రెండు పేజీలు రాశారు. బాగుంది. కీర్తన సాహిత్యం మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చేశారు. తిరువయ్యారులో కూర్చుని ఆ మహానుభావుడు త్యాగయ్య రాసింది తెలుగులోనండీ! తెలుగువాడినైన నేను దాన్ని కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. ళకు కింద చుక్క, ణకు కింద చుక్క, దీర్ఘానికి పైన గీత. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "చుక్కలు బాగానే పెట్టారు, ముగ్గు కలపడం మర్చిపోయినట్టున్నారు" అంది.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. మొదటి వరసలో ఒక పెద్దాయన దగ్గుతాడు. ఆలాపన పదకొండో నిమిషంలో, గాయని పై షడ్జం మీద నిలబడబోయే సరిగ్గా ఆ క్షణాన. రెండు పొడి దగ్గులు, ఒక గొంతు సవరింపు. దాన్ని కూడా మీరు తీయలేదు. ఇప్పుడు నా గతి ఏమిటంటే, ఎక్కడ కాంభోజి విన్నా పై షడ్జం దగ్గర దగ్గు రాకపోతే వెలితిగా ఉంటోంది. మొన్న గుళ్లో కచేరీలో నేనే దగ్గాను. ఇంట్లో ఆ కాంభోజి కూనిరాగం తీస్తూ నేను దగ్గిన ప్రతిసారీ వంటింట్లోంచి, "ఆయన ఇంకా డాక్టరు దగ్గరికి పోలేదా?" అని వినిపిస్తుంది.

డాక్టరంటే గుర్తొచ్చింది. శ్రీపాద పినాకపాణి గారు మా ఊరి మెడికల్ కాలేజీలో వైద్యం బోధించి, ఇంట్లో సంగీతం నేర్పినవారు. నేదునూరి, ఓలేటి, నూకల వంటి పెద్ద గాయకులు ఆయన శిష్యులే. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. 2013లో, నూరేళ్లకు కొద్ది నెలల ముందు, ఈ కర్నూలులోనే కన్నుమూశారు. ఆయనే ఉంటే ఆ పెద్దాయన దగ్గుకు మందూ, ఆ దగ్గుకు ఉలిక్కిపడి గాయని జార్చిన గమకానికి దిద్దుబాటూ ఒకే చీటీ మీద రాసిచ్చేవారు.

మీకు ఫోను చేస్తే ఎత్తేది ఓనరుగారే, అట్ట పెట్టెకు టేపు అంటించేదీ ఆయనే, పోస్టాఫీసుకు మోసుకుపోయేదీ ఆయనే. పాత సీడీ ఒకటి కావాలంటే, "అదా? అందులో వయొలిన్ కొంచెం వెనక్కి పడిందండీ, వద్దులెండి" అన్నారు. ఇంత అప్రయోజకుడైన వ్యాపారిని మా గాంధీనగర్ బజార్లో కూడా చూడలేదు. అదే పంపమన్నాను. వయొలిన్ నిజంగానే వెనక్కి పడింది.

ప్లేయరు తెచ్చుకుందామని వారం తర్వాత పోయాను. షాపులో మూడో సీడీ తిరుగుతోంది. భాయ్ ఒక మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు, వేళ్లు మాత్రం బల్ల మీద ఆడుతున్నాయి, తాళం తప్పుతూ. "ఇంగా టెస్టింగులోనే ఉంది సార్, రేపు రాండి" అన్నాడు. ఆ మాట అని ఇవాళ్టికి నాలుగో రోజు.

కాబట్టి 250 రూపాయలు పంపనక్కర్లేదు, దానికి బదులు అదే సెట్టు ఇంకొకటి పంపండి.

ఇట్లు,
మీ పాత గిరాకీ

తా.క. భాయ్ పీకిన కెపాసిటరును ఈ కవరులోనే పెట్టాను. మీటరు పెట్టి చూశాడట, అది బాగానే ఉందట.