పైథాన్ నేర్పేవాళ్ళూ, ముందు ఇంపోర్ట్ నేర్పండి

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అక్కా, ఒక్క నిమిషం వస్తారా? పొద్దుట్నుంచీ ఇదే ఎర్రర్" అన్నాడు. మొహం వాడిపోయి ఉంది. భోజనానికి కూడా వెళ్ళలేదట. వెళ్ళి చూస్తే స్క్రీన్ మీద ఉన్నది పైథాన్ భాషలో రాసిన మూడు లైన్ల ప్రోగ్రామ్. రాండమ్ అనే మాడ్యూల్‌ని, అంటే వేరే ఫైల్‌లో సిద్ధంగా ఉన్న కోడ్‌ని, ఇంపోర్ట్ చేసుకోవడం (తన ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకోవడం), ఒకటి నుంచి ఆరు లోపు ఏదో ఒక అంకె అడగడం, దాన్ని ప్రింట్ చేయడం. ఎర్రర్ మాత్రం రాండమ్‌లో ఆ అంకె ఇచ్చే రాండింట్ అనేదే లేదని, బహుశా సర్కులర్ ఇంపోర్ట్ (ఫైళ్ళు ఒకదాన్నొకటి చుట్టూ తిరిగి తెచ్చుకోవడం) వల్ల కావచ్చని చెబుతోంది.

"ఉన్నదే ఒక్క ఫైల్ కదక్కా, సర్కులర్ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అప్పటికే పైథాన్‌ని రెండుసార్లు తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాడు. సర్కులర్ ఇంపోర్ట్ మీద దొరికిందల్లా చదివాడు.

నేను ప్రోగ్రామ్ వంక చూడలేదు. పైన ట్యాబ్ మీదున్న ఫైల్ పేరు చూశాను. రాండమ్ డాట్ పీవై.

"ఇంపోర్ట్ కింద ఒక లైన్ రాయి. రాండమ్ చుక్క, రెండు అండర్‌స్కోర్లు, ఫైల్, మళ్ళీ రెండు అండర్‌స్కోర్లు. దాన్ని ప్రింట్ చెయ్యి" అన్నాను. వచ్చిన పాత్, అంటే ఫైల్ ఉన్న చోటు, అతని సొంత ఫోల్డర్‌ది. అంటే ఆ ఫైల్ తనని తానే ఇంపోర్ట్ చేసుకుంటోంది. సర్కులర్ అన్నది దాన్నే. పేరు మార్చి డైస్ అని పెట్టాడు, రన్ అయింది. పది సెకన్ల పనికి ఒక పూట పోయింది. పూట పోతే పోయింది. ఆ పూటంతా ఆ పిల్లాడు "నాకు బేసిక్సే రావు" అనుకుంటూ కూర్చున్నాడు చూడండి, నా కోపం దాని మీద.

ఈ రంగంలో పదమూడేళ్ళుగా ఉన్నాను. ఆరేళ్ళుగా శనివారాలు పిల్లలకి పైథాన్ చెబుతున్నాను. నేను చూసినంతలో కొత్తవాళ్ళు ఆగిపోయేది లూపుల దగ్గర కాదు, క్లాసుల దగ్గరా కాదు. "మాడ్యూల్ దొరకలేదు" అనే ఎర్రర్ దగ్గర. ప్రోగ్రామ్ రాయడం వచ్చు, లాజిక్ వచ్చు, కానీ రాసింది నడవదు. ఎందుకు నడవదో చెప్పేవాళ్ళు ఉండరు. తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలకి ఇది మరీ కష్టం. తప్పు తమదే అనుకుంటారు. ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చేసరికి వేరే చోట కోర్సు సగంలో మానేసి ఉంది. కారణం అడిగితే, "ఇన్‌స్టాల్ అయ్యిందంటుంది, మళ్ళీ లేదంటుంది మేడమ్. నాకు పడదులే అనుకున్నా" అంది. ఆమె కంప్యూటర్లో రెండు పైథాన్‌లు ఉన్నాయి. బయటి లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ ఒకదానిలో వేస్తోంది, ఎడిటర్ ఇంకోదానితో నడుపుతోంది. ఆ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే ఆమె నాలుగు నెలలు పోగొట్టుకునేది కాదు.

అమీర్‌పేట బోర్డుల మీద సిలబస్ ఎప్పుడైనా చదివారా? వేరియబుల్స్, లిస్టులు, డిక్షనరీలు, ఫంక్షన్లు, ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్), ఆ తర్వాత నేరుగా వెబ్‌సైట్లు కట్టే జాంగో. మాడ్యూల్స్, ప్యాకేజీలు (మాడ్యూల్స్ కట్టలు) అనే మాట ఎక్కడో మధ్యలో ఒక లైన్‌గా ఉంటుంది. క్లాసులో దానికి అరగంట కూడా ఇవ్వరు. "ఇంపోర్ట్ అని రాస్తే వచ్చేస్తుంది" అని చెప్పి ముందుకెళ్తారు. ఎక్కణ్ణుంచి వస్తుంది? రాకపోతే ఎక్కడ చూడాలి? ఇవి అడ్వాన్స్‌డ్ విషయాలని ఎవరు తీర్మానించారో నాకు తెలియదు. నా దృష్టిలో ఇవి మొదటి వారం విషయాలు.

చెప్పడానికి పెద్ద కష్టమైనవి కూడా కావు. ఇంపోర్ట్ అనగానే పైథాన్ ముందు సిస్ డాట్ మాడ్యూల్స్ అనే డిక్షనరీలో, అంటే పేర్ల పట్టికలో, చూస్తుంది. ఆ పేరుతో ఇంతకుముందే తెచ్చుకున్నది ఉంటే అదే ఇచ్చేస్తుంది, ఇంక వెతకదు. లేకపోతే తన లోపలే కలిసి ఉన్న మాడ్యూల్స్ చూస్తుంది. అక్కడా లేకపోతే సిస్ డాట్ పాత్ అనే లిస్టు తీసి, అందులోని ఫోల్డర్లలో వరసగా వెతుకుతుంది. వంటింట్లో జీలకర్ర డబ్బా వెతికినట్టే. ముందు పొయ్యి పక్కన గట్టు మీద, తర్వాత అరలో, అక్కడా లేకపోతే అటక మీద. మొదట ఎక్కడ కనబడితే అక్కడే తీసుకుంటాం, అటక మీద మంచిది ఉందా అని చూడం కదా. స్క్రిప్ట్ నడుపుతున్నప్పుడు ఆ లిస్టులో మొట్టమొదటి ఫోల్డర్ ఏదంటే, ఆ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డరే. మా టీమ్ అబ్బాయి రాండమ్ కథ అక్కడితో అర్థమైపోతుంది.

వెతకడానికి సాధనాలు కూడా పైథాన్‌తోపాటే వస్తాయి. ఇంపోర్ట్‌లిబ్ అనే లైబ్రరీలో ఫైండ్ స్పెక్ అని ఒక ఫంక్షన్ ఉంది. పేరు ఇస్తే, ఆ మాడ్యూల్‌ని నడపకుండానే అది ఏ ఫైల్ నుంచి వస్తుందో చెబుతుంది. దొరకకపోతే "నన్" (ఏమీ లేదు) అని ఇస్తుంది. మధ్యలో చుక్క ఉన్న పేరు ఇస్తే మాత్రం ముందున్న పేరెంట్ ప్యాకేజీని ఇంపోర్ట్ చేసేస్తుంది, అది గుర్తుంచుకోవాలి. ప్రోగ్రామ్ మొదలవడానికి ఎక్కువ టైమ్ పడుతుంటే, పైథాన్ 3.7 నుంచి ఇంపోర్ట్‌టైమ్ అనే ఆప్షన్ ఉంది, ఏ ఇంపోర్ట్‌కి ఎంతసేపు పట్టిందో ఒక్కో లైన్‌గా రాసి చూపిస్తుంది. ఇన్ని ఉన్నా, ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళలో పదిమందిని అడిగితే ఒక్కరు కూడా వీటి పేరు చెప్పరు. ఫంక్షన్ చుట్టూ తొడిగే డెకరేటర్ గురించి మాత్రం గుక్క తిప్పుకోకుండా చెబుతారు.

వీటి బదులు మనవాళ్ళకి తెలిసిన మందు ఒకటుంది. సిస్ డాట్ పాత్‌కి ఒక ఫోల్డర్ అతికించేయడం. ఎర్రర్ వస్తే ఇది రాయి, పోతుంది. నిజంగానే పోతుంది. కానీ దాని బాకీ తర్వాత ఎవరు తీరుస్తారో నేను చూశాను. చాలా ఏళ్ళ కిందట పనిచేసిన ఒక ప్రాజెక్టులో యాభై అరవై స్క్రిప్టులు ఉండేవి. ప్రతిదాని నెత్తిన ఈ అతికింపు లైన్ ఉండేది, కొందరు చివర అతికిస్తే కొందరు మొదట్లోకి దూర్చేవాళ్ళు. యుటిల్స్ అనే పేరుతో రెండు ఫైళ్ళు వేరువేరు ఫోల్డర్లలో ఉండేవి. ఒకరోజు పన్ను రేటు మారింది, ఒక యుటిల్స్‌లో మార్చాం, టెస్ట్ చేశాం, సర్వర్ మీద పెట్టాం. సర్వర్ మాత్రం రెండో ఫోల్డర్లోని పాత ఫైల్ తీసుకుంది. ఎర్రర్ ఏమీ రాలేదు, అదే అన్నిటికంటే భయంకరం. మూడు రోజుల బిల్లులు పాత రేటుతో వెళ్ళిపోయాయి. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది. తెల్లవారుజామున మూడు దాకా కూర్చుని కోడంతా చదివాం, తప్పు దొరకలేదు, ఎందుకంటే మేం చదువుతున్న ఫైల్‌లో తప్పు లేదు. చివరికి ఎవరో ఆ మాడ్యూల్ పాత్ ప్రింట్ చేయించారు. ఒక్క లైన్. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

ఇంక పిప్ సంగతి. ఇన్‌స్టాల్ చేసే పేరు ఒకటి, ఇంపోర్ట్ చేసే పేరు ఇంకొకటి కావచ్చని మొదటి రోజే చెప్పాలి. పిల్లో అని ఇన్‌స్టాల్ చేస్తాం, పిఐఎల్ అని ఇంపోర్ట్ చేస్తాం. పాత పిఐఎల్ లైబ్రరీ నుంచి 2010లో పిల్లో విడిగా మొదలైంది, అప్పటికే రాసున్న కోడ్ పాడవకూడదని పాత పేరే ఉంచారు. ఓపెన్‌సీవీ-పైథాన్ అని వేసుకుంటే సీవీ2 అని పిలవాలి. సైకిట్-లెర్న్ అయితే ఎస్‌కెలెర్న్. బ్యూటిఫుల్‌సూప్4 అయితే బీఎస్4. ఇది తెలియని పిల్లలు ఏం చేస్తారు? కోడ్‌లో కనబడిన ఇంపోర్ట్ పేరునే పిప్‌కి ఇచ్చేస్తారు. పిప్ ప్యాకేజీలు తెచ్చే పైపై అనే ఆన్‌లైన్ గోదాములో ఎవరైనా ప్యాకేజీ పెట్టొచ్చు. కాస్త అటూ ఇటూ స్పెల్లింగ్‌తో దొంగ ప్యాకేజీలు పెట్టి, వేసుకున్నవాళ్ళ కంప్యూటర్లోంచి పాస్‌వర్డ్‌లు లాగేసిన ఉదంతాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఏఐ టూల్స్ అసలు లేని ప్యాకేజీల పేర్లు కూడా నమ్మకంగా చెబుతున్నాయి. అలాంటి పేరు మీద ఎవరైనా ముందే ఒక ప్యాకేజీ పెట్టి కూర్చుంటే? అందుకే దొరికిన పేరు దొరికినట్టు కొట్టొద్దని బతిమాలుతున్నాను. మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటిలో ఏ ఇంపోర్ట్ పేరు ఏ ప్యాకేజీదో చూడాలంటే, ఇంపోర్ట్‌లిబ్ మెటాడేటాలో పైథాన్ 3.10 నుంచి ప్యాకేజెస్ డిస్ట్రిబ్యూషన్స్ అనే ఫంక్షన్ ఉంది. నేను వారానికి రెండుసార్లైనా వాడతాను.

ఉబుంటు అనే లినక్స్‌లో పిప్ కొట్టగానే ఈమధ్య "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని ఎర్రర్ వస్తోంది కదా, దానికి చాలామంది చెప్పే జవాబు బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ తగిలించమని. దాని పేరులోనే సిస్టమ్ పాడు చేస్తానని రాసి ఉంది! ఆ ఎర్రర్ మనల్ని ఆపడానికి పెట్టింది, ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకునే పైథాన్‌ని మనం చెడగొట్టకుండా. దయచేసి ప్రాజెక్టుకొక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ ప్రాజెక్టు ప్యాకేజీలకే ఒక విడి గది, పెట్టించండి. దాన్ని తయారుచేసే వీఎన్వ్ 2012లో వచ్చిన 3.3 నుంచీ పైథాన్‌తోనే వస్తోంది. పిప్‌ని ఒంటరిగా కాకుండా, పైథాన్ మైనస్-ఎమ్ పిప్ అని పిలవడం అలవాటు చేయండి. అప్పుడు ఏ పైథాన్‌లో పడుతోందన్న అనుమానమే ఉండదు.

పాతవాళ్ళకి కూడా ఒక మాట. ఇంపోర్ట్ పనులకి వాడే ఇంప్ అనే పాత మాడ్యూల్‌ని వాడొద్దని 2014లో వచ్చిన 3.4 నుంచీ డాక్యుమెంటేషన్ చెబుతూనే ఉంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన 3.12లో తీసేశారు. తొమ్మిదేళ్ళు గడువిచ్చారు. అయినా 3.12కి మారిన రోజు ఎన్ని కోడ్‌బేస్‌లు పడ్డాయో చూశాను, ఎందుకంటే పదేళ్ళ కిందటి జవాబుల్నే ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టుకుంటూ వచ్చాం. పీకేజీయుటిల్ అనే మాడ్యూల్‌నీ డాక్యుమెంటేషన్ చదవకుండానే వాడేస్తాం. ఫోల్డర్లో ఏయే మాడ్యూల్స్ ఉన్నాయో చూడటానికి అందులో రెండు ఫంక్షన్లున్నాయి. ఐటర్ మాడ్యూల్స్ పైపైన పేర్లు చెప్పి ఊరుకుంటుంది. వాక్ ప్యాకేజెస్ లోపల్లోపలికి వెళ్తుంది, వెళ్ళడానికి ప్రతి ప్యాకేజీనీ ఇంపోర్ట్ చేస్తుంది. అంటే అందులోని కోడ్ నడుస్తుంది. మా ప్లగిన్‌లలో (ప్రోగ్రామ్‌కి విడిగా తగిలించే ముక్కల్లో) ఒకదాని ఇనిట్ ఫైల్‌లో, అంటే ప్యాకేజీని ఇంపోర్ట్ చేయగానే నడిచే ఫైల్‌లో, డేటాబేస్ కనెక్షన్ తెరిచే లైన్ ఉండేది. మేం ప్లగిన్‌ల పేర్లు చూద్దామనుకున్నాం అంతే, కనెక్షన్లు తెరుచుకుంటూ పోయాయి. ఇది డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది, మేమే చదవలేదు.

పైథాన్ తయారుచేసేవాళ్ళు మాత్రం వింటున్నారు. ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది. 3.3లో ఇంపోర్ట్ యంత్రాంగాన్ని దాదాపు మొత్తం పైథాన్‌లోనే తిరగరాశారు, పైథాన్ తయారుచేసేవాళ్ళలో ఒకరైన బ్రెట్ కానన్ ఏళ్ళ తరబడి చేసిన పని అది. దానివల్లే ఈరోజు ఇంపోర్ట్ ఎలా నడుస్తుందో మనమే తెరిచి చదువుకోగలుగుతున్నాం. 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13లో రాండమ్ పేరుతో ఫైల్ పెట్టి ఇదే తప్పు చేస్తే, సర్కులర్ అని కాకుండా, నీ ఫైల్ పేరు స్టాండర్డ్ లైబ్రరీ పేరుతో కలుస్తోంది, మార్చుకో అని పాత్‌తో సహా చెబుతుంది. మా టీమ్ అబ్బాయి కంప్యూటర్లో 3.10 ఉంది. కొత్తది ఉండుంటే ఆ రోజు భోజనానికి వెళ్ళేవాడు.

మొన్న శనివారం క్లాసు దీనితోనే మొదలుపెట్టాను. ఏడుగురు పిల్లలు. అందరి చేతా కావాలని రాండమ్ డాట్ పీవై రాయించాను, ఎర్రర్ తెప్పించాను, సిస్ డాట్ పాత్ ప్రింట్ చేయించాను. ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్ సీటు కోసం చూస్తున్న ఒకమ్మాయి చెయ్యెత్తి, "మేడమ్, అసలు నా ఫోల్డర్లో ముందు ఎందుకు వెతకాలి? లైబ్రరీలో ముందు చూడొచ్చుగా?" అని అడిగింది. పక్క ఫైల్‌ని సులువుగా ఇంపోర్ట్ చేసుకోవడానికి ఆ ఫోల్డర్ అక్కడ ఉందని, నీ అనుమానమే చాలామందికి వచ్చిందని, అందుకే 3.11లో ఆ ఫోల్డర్‌ని లిస్టులో చేర్చకుండా ఆపే ఒక ఆప్షన్ పెట్టారని చెప్పాను. పైథాన్ తర్వాత మైనస్, క్యాపిటల్ పీ. ఆమెనే వచ్చి నా కీబోర్డ్ మీద కొట్టమన్నాను. ఫైల్ పేరు రాండమ్ అనే ఉంది, మార్చలేదు. ఎంటర్ నొక్కింది. నాలుగు పడింది.