సహజంగా ఉండండి, చేపలు పక్కకి జరపండి

ఫోటో దిగడానికి ఇప్పుడు సిలబస్ ఉంది. నమ్మకం లేకపోతే మా బావమరిది ఫోన్ చూడండి. విశాఖలో రుషికొండ మీద ఐటీ కంపెనీలో ఉద్యోగం, ప్రొఫైల్‌లో పెట్టుకోవడానికి కాస్త మంచి ముఖం కావాలనుకున్నాడు పాపం. అడ్వాన్స్ కట్టిన మరుక్షణం స్టూడియోవాళ్లు వాట్సాప్‌లో 'ప్రిపరేషన్ గైడ్' పంపారు. వాడు డిగ్రీలో కూడా తెరవనంత శ్రద్ధగా దాన్ని తెరిచాడు.

అందులో పనికొచ్చే ముక్కలు లేకపోలేదు. సన్నగీతల చొక్కా వద్దు, కెమెరాలో ఆ గీతలు మెలికలు తిరుగుతాయి. ముందురోజు కొత్త ఫేషియల్ జోలికి పోవద్దు, మొహం ఎర్రబడుతుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకుంటే ఫ్లాష్ పడగానే మొహం సున్నం కొట్టిన గోడవుతుంది. బాగుంది, ఇక్కడితో ఆపి ఉంటే స్టూడియోకి దండం పెట్టేవాణ్ణి. ఆపలేదు. 'మీ వ్యక్తిత్వాన్ని చెప్పే మూడు మాటలు రాసి తెచ్చుకోండి' అంది గైడు. ధైర్యం, నిజాయితీ అని రెండు రాసి, మూడోది తోచక వాళ్లక్కని, అంటే మా ఆవిడని, అడిగాడు. "బద్ధకం" అంది ఆవిడ కూర తరుగుతూ.

ప్రభుత్వం ఎంత నయమో అప్పుడర్థమైంది. పాస్‌పోర్టుకి 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు, నోరు మూసుకుని ఎదురుగా చూడు, అంతే. అమెరికా వీసాకి రెండంగుళాల చదరం, వెనక తెలుపు, 2016 నుంచి కళ్లజోడు కూడా తీసేయమంటారు. కళ్లజోడు అడిగారే గానీ ఆత్మని అడగలేదు. పాత స్టూడియోలు మాత్రం? గొలుసుతో కట్టేసిన దువ్వెన, పౌడరు డబ్బా, ఊరందరికీ ఒకటే కోటు. "గడ్డం కొంచెం కిందకి." క్లిక్. వ్యక్తిత్వం ఇంట్లోనే భద్రంగా ఉండేది.

తర్వాత లొకేషన్ల మెనూ. అందులో తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు 'నేను' అన్నది వదిలించుకోవడానికి కూర్చున్న కొండ మీద మనవాడు చేతులు కట్టుకుని 'నేను' అని నిలబడొచ్చు. దానికి పార్కింగు సౌకర్యం కూడా ఉందట.

అసలు రత్నం ఏడో పేజీలో దొరికింది. 'సాయంత్రం బంగారు వెలుగులో, మీ వెనక సూర్యుడు సముద్రంలోకి దిగుతుండగా...' అని మొదలవుతుంది. ఈ వాక్యం ఎక్కడ పుట్టిందో గానీ బంగాళాఖాతం ఒడ్డున మాత్రం కాదు. మన సూర్యుడు పొద్దున్నే సముద్రంలోంచి లేచి, సాయంత్రం సింహాచలం కొండల వెనక్కి వెళ్లిపోతాడు. ఆర్కే బీచ్‌లో సూర్యుణ్ణి సముద్రంలో ముంచాలంటే ముందు తూర్పు కనుమల్ని ఒకసారి తిప్పి పెట్టాలి. ఇదే మాట స్టూడియో కుర్రాడితో అన్నాను. "పర్లేదు అంకుల్, ఎడిట్‌లో పెట్టేస్తాం" అన్నాడు. బ్లేజర్ లోపల మరో కోటు వేసుకోమని కూడా ఉంది. మే నెల విశాఖలో ఇస్త్రీ చొక్కా ఆయుష్షు ఇంటి గుమ్మం నుంచి కారు తలుపు దాకా. దానికేమంటావని అడగలేదు, చెమట కూడా ఎడిట్‌లో తుడిచేస్తామంటాడని.

చివరికి తెల్లవారుజామునే అని ఖాయమైంది. లాసన్స్ బే పక్కన మత్స్యకారులుండే పెద్ద జలారిపేట తీరం. ఫోటోగ్రాఫరు, అసిస్టెంటు, మొహానికి రంగు అద్దే అబ్బాయి, రిఫ్లెక్టరు పట్టుకోవడానికి నేను. గాలికి ఆ రిఫ్లెక్టరు నన్ను భీమిలి వైపు లాగుతోంది.

"సహజంగా నవ్వండి సార్."

నవ్వాడు.

"అంత సహజంగా వద్దు సార్, పళ్లు ఎక్కువైపోయాయి. ఏదో మంచి జ్ఞాపకం వచ్చినట్టు సముద్రం వైపు చూడండి."

వాడికి ఏం జ్ఞాపకం వచ్చిందో, మొహం మాడిపోయింది. అప్రైజల్ అట. ఇంకోటి గుర్తుచేసుకోమన్నారు. ఇంకోటి గుర్తుకు రాలేదు. "పోనీ ఏమీ ఆలోచించకండి సార్" అన్నారు. అది వాడికి బాగా వచ్చింది. తర్వాత ఒక పడవకి ఆనుకోమన్నారు. చేతిలో తెడ్డు పెట్టారు. బ్లేజర్ భుజం మీద వల వేశారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రొఫైల్ కోసమండీ ఇదంతా! "బావా, ఎలా ఉన్నాను?" అన్నాడు వల సందుల్లోంచి. నడిసముద్రంలో డేటాబేస్ జారవిడుచుకున్న సరంగులా ఉన్నాడు. "బాగున్నావు" అన్నాను. మా ఆవిడ తమ్ముడు కదా.

సరిగ్గా అప్పుడు కెమెరాలోంచి తల ఎత్తి ఫోటోగ్రాఫరు, "ఆ చేపలేంటి వెనకాల?" అన్నాడు.

వెనకాల ఒకామె ఇసకలో పట్టాలు పరిచి చేపలు ఆరబెడుతోంది. అసిస్టెంటు వెళ్లాడు. "అమ్మా, అవి కొంచెం పక్కకి తీసేయండి, ఫ్రేమ్‌లో పడుతున్నాయి."

"ఎక్కడికి తీస్తాం బాబూ? ఎండ ఇక్కడే కదా పడతాది."

"పావుగంటే అమ్మా."

ఆమె తీసింది. ఒక్కో పట్టా ఈడ్చుకుంటూ నీడలోకి తీసింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని కూడా లేపారు, "తాతా, నువ్వు అటెళ్లి కూర్చో" అని. నువ్వు! వాడి తాత వయసున్నాయన్ని!

ఆ పడవ కావాలి, ఆ వల కావాలి, తెడ్డు కావాలి, వాళ్ల సముద్రం మీద వెలుగు కావాలి. మనిషి ఒక్కడే అడ్డమా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఇంజను పడవలు ఒడ్డునే ఉంటాయి, అందుకే కదా మీకు ఆనుకోవడానికి అంత తీరిగ్గా దొరికాయి! ఇంట్లో డబ్బు ఆడని ఆ రోజుల్లో ఆమె ఎండబెట్టుకునే నాలుగు చేపల్ని నీడలోకి తోయించి, దానికి 'నేచురల్ లుక్' అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. రిఫ్లెక్టరు పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డ నాకూ ఉండాలి.

ఫోటోలు వచ్చాయి. మనవాడి రంగు రెండు మెట్లు తేలింది. ఎత్తుకుని పెంచిన మా అత్తగారే "ఈ అబ్బాయెవరు బాబూ?" అన్నారు. వెనక సముద్రంలో సూర్యుడు నిక్షేపంగా మునుగుతున్నాడు. ఇసక శుభ్రంగా ఉంది, చేప ముల్లు కూడా లేదు.

బిల్లులో 'లొకేషన్ చార్జీ' అని ఒక లైను ఉంది. ఎవరికి కట్టారు బాబూ ఇది అని ఫోన్ చేసి అడిగాను. "అది ప్యాకేజీలో ఉంటుందండీ" అన్నారు. పడవ ఎవరిదో తెలుసా అన్నాను. లైను కట్టయింది.

కాబట్టి జలారిపేట పెద్దలకు నాదొక మనవి. మీరూ ఒక గైడు అచ్చు వేయించండి. పడవకి ఆనుకుంటే ఇంత. వల భుజాన వేసుకుంటే ఇంత, చిరిగితే కుట్టి ఇవ్వాలి. చేపలు జరపమంటే ఆ పూట సరుకంతా బ్లేజరుతో సహా కొనుక్కుపోవాలి. తాతని నువ్వు అంటే ఫోటో లేదు.