బుట్టదాఖలైన ఐడియాల లెక్క ఎవరు తీస్తారు?

సంస్థల లోపల ఇన్నోవేషన్ ఎలా పుడుతుంది అన్న ప్రశ్న మీద ఏటా కుప్పలుతెప్పలుగా పేపర్లు వస్తున్నాయి. మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పడం, పీహెచ్‌డీ విద్యార్థుల పని చూడడం నా వృత్తి. కాబట్టి వాటిలో చాలా చదవాల్సి వస్తుంది, ఇష్టంగానే చదువుతాను. కానీ ఎన్నాళ్లుగానో మనసులో మెదులుతున్న మాట ఇవాళ చెప్పేస్తాను. మా రంగం గెలిచిన ఐడియాల చుట్టూనే తిరుగుతోంది. మీటింగుల్లో రోజూ బుట్టదాఖలవుతున్న ఐడియాల గురించి పట్టించుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. అవి ఎందుకు పోయాయి, కాదన్నది ఎవరు, కాదన్నప్పుడు వాళ్ల చేతిలో ఏ సమాచారం ఉంది అన్నది తెలియనంతకాలం ఇన్నోవేషన్ గురించి మేం చెప్పేది సగం కథే.

ముందు ఒక మామూలు పేపర్ ఎలా తయారవుతుందో చూడండి. ప్రశ్నాపత్రంలో ఒక వాక్యం ఉంటుంది: ‘మా సంస్థ కొత్త ఆలోచనలను ప్రోత్సహిస్తుంది.’ పక్కన 1 నుంచి 7 దాకా అంకెలు. అస్సలు ఒప్పుకోకపోతే 1, పూర్తిగా ఒప్పుకుంటే 7. రెండు పేజీల తర్వాత అదే మనిషికి ఇంకో వాక్యం: ‘గత మూడేళ్లలో మా సంస్థ పోటీదారుల కంటే ఎక్కువ కొత్త ఉత్పత్తులు తెచ్చింది.’ పని ఒత్తిడిలో ఉన్న మేనేజర్ 5, 6, 5, 6 అని గబగబా టిక్కులు పెట్టి పంపించేస్తాడు. తర్వాత కంప్యూటర్లో చూస్తే ఆ రెండు జవాబుల మధ్య బలమైన సంబంధం కనిపిస్తుంది. కనిపించకేం చేస్తుంది? జవాబిచ్చింది ఒకే మనిషి, ఒకే కూర్చోవడంలో. కంపెనీ మీద సదభిప్రాయం ఉన్నవాళ్లు రెండిటికీ ఎక్కువే వేస్తారు, విసిగిపోయి ఉన్నవాళ్లు రెండిటికీ తక్కువే వేస్తారు. దీన్ని కామన్ మెథడ్ బయాస్ అంటారు. రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. తెలిసీ పేపర్ చివర ‘పరిమితులు’ అన్న శీర్షిక కింద నాలుగు వాక్యాలు రాసి చేతులు దులుపుకుంటారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. తెలివైన విద్యార్థులు తమ జీవితంలో విలువైన ఏళ్లు ఈ టిక్కుల మీద ఖర్చు పెడుతున్నారు.

అదే ప్రశ్నాపత్రంలో ‘గత ఏడాది మీ ముందుకొచ్చిన ప్రతిపాదనల్లో మీరు కాదన్నవి ఏవి? ఎందుకు కాదన్నారు?’ అన్న ప్రశ్న నాకు దాదాపు ఎప్పుడూ కనబడలేదు.

ఇది ఎంత పెద్ద లోపమో 2003లోనే జెర్కర్ డెన్రెల్ ‘ఆర్గనైజేషన్ సైన్స్’ జర్నల్లో లెక్కగట్టి చూపించారు. ఆయన వాదన తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక పద్ధతి బాగా రిస్కుతో కూడుకున్నది అనుకోండి. దాన్ని పాటించిన కంపెనీల్లో కొన్ని ఎక్కడికో వెళ్లిపోతాయి, కొన్ని పూర్తిగా మునిగిపోతాయి. మునిగినవి మూతపడతాయి కాబట్టి మన శాంపిల్లోకి రావు. మిగిలినవాటినే చూస్తే ఆ పద్ధతి అద్భుతంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. సగటున దాని వల్ల ఏ లాభమూ లేకపోయినా సరే, అలాగే కనిపిస్తుంది. అంటే మనం ‘విజేతల అలవాట్లు’ అని నేర్పుతున్నవాటిలో కొన్ని ఓడిపోయినవాళ్ల అలవాట్లు కూడా అయ్యుండొచ్చు. ఓడినవాళ్లని ఎవరూ అడగలేదు కాబట్టి మనకి తెలియదు, అంతే. ఈ పేపర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పరిశోధనా పద్ధతుల క్లాసులో చదివిస్తాం. మర్నాడు మళ్లీ గెలిచిన కంపెనీ కేసు స్టడీ తెరుస్తాం.

చక్ హౌస్ కథ చాలామంది వినే ఉంటారు. హ్యూలెట్-ప్యాకర్డ్‌లో ఇంజనీరు. 1960ల చివర్లో పెద్ద తెర ఉన్న ఒక డిస్‌ప్లే మీద పనిచేస్తున్నాడు. సమీక్షకి వచ్చిన కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన డేవిడ్ ప్యాకర్డ్ అది నచ్చక, వచ్చే ఏడాది నేనొచ్చేసరికి ఇది ల్యాబ్‌లో కనబడకూడదు అన్నాడు. హౌస్ ఆ మాటని అక్షరాలా పాటించాడు. ఏడాది తిరిగేసరికి ఆ వస్తువు ల్యాబ్‌లో లేదు, తయారీలోకి వెళ్లిపోయింది. అమ్మకాలు బాగానే సాగాయి. చాలా ఏళ్ల తర్వాత అదే ప్యాకర్డ్ అతని ధిక్కారానికి ఏకంగా మెడల్ ఇచ్చి సత్కరించాడు. క్లాసులో ఈ కథ చెబితే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. నాకూ ఇష్టమైన కథే. కానీ దీన్నుంచి ఏం నేర్చుకోవాలి? బాస్ వద్దన్నా వినకుండా ముందుకెళ్తే గెలుస్తామనా? వద్దన్నాక ఆపేసిన ఇంజనీర్లు ఎంతమంది? ఆపకుండా కొనసాగించి, ఫెయిలై, చడీచప్పుడు లేకుండా ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఎంతమంది? వాళ్లకి మెడల్ రాదు, కేసు స్టడీలోనూ చోటుండదు. ఆ రెండు లెక్కలూ లేకుండా మెడల్ కథ ఒక్కటే చెప్పి పిల్లల్ని ఉద్యోగాలకి పంపించడం అన్యాయమని నాకనిపిస్తుంది.

ఇది చదివి, ‘తిరస్కరించిన ఐడియాల్లో నూటికి తొంభై పనికిరానివే అయ్యుంటాయి, వాటి మీద పరిశోధన ఎందుకు’ అని మీరు అడగొచ్చు. చాలావరకు పనికిరానివే కావచ్చు, ఒప్పుకుంటాను. కానీ నిర్ణయం తీసుకునే కమిటీ రెండు రకాల తప్పులు చేయగలదు. పనికిరానిదాన్ని ఓకే చేయడం ఒకటి, పనికొచ్చేదాన్ని కాదనడం ఇంకొకటి. మొదటిది అందరికీ కనిపిస్తుంది: డబ్బు ఖర్చయింది, ప్రాజెక్టు పోయింది, ఎవరో ఒకరు సంజాయిషీ చెప్పుకోవాలి. రెండోది ఎవరి కంటా పడదు. అందుకు ఎవరి ప్రమోషనూ ఆగదు. మొదటి తప్పుకి శిక్ష, రెండోదానికి ఏమీ లేదు అన్నప్పుడు ఏ మేనేజరైనా ఎటు మొగ్గుతాడు? కాదనడం వైపే. మనుషులు చెడ్డవాళ్లని నేననడం లేదు, వాళ్లు కూర్చున్న కుర్చీ అలాంటిది. ఈ మొగ్గు ఎంత ఉంది, ఎక్కడ ఎక్కువ, ఎప్పుడు తగ్గుతుంది అన్నది కొలవడమే కదా మా పని!

కొలవొచ్చని చూపించినవాళ్లు లేకపోలేదు. జస్టిన్ బెర్గ్ 2016లో ‘అడ్మినిస్ట్రేటివ్ సైన్స్ క్వార్టర్లీ’లో వేసిన పేపర్ నాకు చాలా ఇష్టం. ఆయన సర్కస్ రంగం తీసుకున్నారు. కొత్త సర్కస్ ప్రదర్శనల వీడియోలు చూపించి, ప్రేక్షకులకి ఏది నచ్చుతుందో ముందే చెప్పమన్నారు. సృష్టించే కళాకారులనీ అడిగారు, వాటిని ఎంపిక చేసే మేనేజర్లనీ అడిగారు. బాగా కొత్తగా ఉన్న ప్రదర్శనల విషయంలో, ఇతరులు చేసినవాటిని అంచనా వేయడంలో, కళాకారుల అంచనాలే ఎక్కువ సరిపోయాయి. సొంత ప్రదర్శన దగ్గరకొచ్చేసరికి మాత్రం కళాకారులకి ఆ చూపు లేదు, తమదాన్ని ఎక్కువగా ఊహించుకున్నారు. ఎంత నిజాయితీ ఉన్న ఫలితమో చూడండి. మేనేజరు విలనూ కాలేదు, కళాకారుడు హీరోనూ కాలేదు. కానీ ఏ సంస్థయినా రేపే వాడుకోగల విషయం దొరికింది: కొత్త ఐడియాల వడపోతలో పై అధికారులతో పాటు, ఆ ఐడియాతో సంబంధం లేని తోటి సృష్టికర్తల్ని కూడా కూర్చోబెట్టాలి.

పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి వార్డుల్లో చేసిన పని ఇంకో రకం. మంచి టీములున్న వార్డుల్లో మందులు ఇవ్వడంలో పొరపాట్లు తక్కువుంటాయని ఆవిడ అనుకున్నారు. డేటా తిరగబడింది. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే నమోదైన పొరపాట్లు ఎక్కువ. లోతుగా చూస్తే అసలు సంగతి బయటపడింది. అక్కడ నర్సులు పొరపాటుని బయటికి చెప్పడానికి భయపడడం లేదు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. సైకలాజికల్ సేఫ్టీ, అంటే తప్పు ఒప్పుకున్నా, ప్రశ్న అడిగినా ఇబ్బంది రాదన్న భరోసా మీద ఇవాళ మనం వింటున్న చర్చకి మూలం ఆ తిరగబడ్డ డేటాయే. తన ఊహకి ఎదురొచ్చిన ఫలితాన్ని ఆవిడ పక్కన పడేసి ఉంటే? ఎంతమంది పక్కన పడేస్తున్నారో!

ఆ భయం సంగతి నన్ను వదలదు. ఎందుకంటే తిరస్కారమంతా కమిటీ గదిలోనే జరగదు. చాలా ఐడియాలు నోరు దాటకముందే పోతాయి. పెద్ద కంపెనీల పరిశోధనా విభాగాల్లో కొందరు తమ ఐడియాని కొంతకాలం ఎవరికీ చెప్పకుండా, అధికారిక ప్రాజెక్టుల చాటున చేసుకుంటారు. దాన్ని బూట్‌లెగింగ్ అంటారు. 2014లో క్రిస్కువోలో, సాల్టర్, టెర్ వాల్ దాని మీద పేపర్ వేశారు. అలా చాటుగా పనిచేసే వాళ్ల ఇన్నోవేషన్ ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని తేల్చారు. సంస్థ పెట్టిన దారిలో కాకుండా దొంగదారిలో పెంచితే తప్ప ఐడియా బతకని పరిస్థితి ఉందంటే, ఆ సంస్థ తన వడపోత గురించి తలపట్టుకుని ఆలోచించాలి.

ఇక జర్నళ్ల సంగతి. డొనాల్డ్ హాంబ్రిక్ 2007లోనే రాశారు: ప్రతి పేపరూ సిద్ధాంతానికి కొత్తగా ఏదో చేర్చి తీరాలన్న పట్టుదల ఈ రంగానికి చేటు చేస్తోందని. ముఖ్యమైన ఒక వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చెబితే మా అగ్ర జర్నళ్లలో చోటు దొరకడం కష్టం. దానికి ఒక సిద్ధాంతం తొడగాలి, కొత్త పేరు పెట్టాలి, బాణాలతో ఒక బొమ్మ గీయాలి. గోల్డ్‌ఫార్బ్, కింగ్ 2016లో అగ్ర జర్నళ్లలోని 300కి పైగా పేపర్లని పరిశీలించి ఒక అంచనా వేశారు. ఆ అధ్యయనాల్ని మళ్లీ చేస్తే, ‘గణాంకపరంగా ప్రాధాన్యం ఉంది’ అని చెప్పిన సంబంధాల్లో 24 నుంచి 40 శాతం దాకా మామూలు గీటురాయి మీద నిలబడవట (నిజంగా సంబంధమే లేకపోయినా అలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 5 శాతం లోపే ఉండాలన్నది ఆ గీటురాయి). ఇంత తెలిశాక కూడా మళ్లీ చేసి చూసినవాళ్లకి మెప్పు లేదు. ‘ఏ సంబంధమూ కనబడలేదు’ అని నిజం చెప్పిన విద్యార్థి థీసిస్ బలహీనమైనదిగా మిగిలిపోతుంది. బుట్టదాఖలైన ఐడియాల మీద పరిశోధన జరగడం లేదని బాధపడుతున్న నేను, మా సొంత ఇంట్లో బుట్టదాఖలవుతున్న ఫలితాల గురించి మాట్లాడకపోతే ఎలా?

వదిలేసినవాటి లెక్క తీసిన అధ్యయనంగా నేను అందరికీ చూపించేది ఒకటుంది. నికొలస్ బ్లూమ్ బృందం ముంబై చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో చేసినది. 17 సంస్థలు. కొన్ని ప్లాంట్లకి ఉచితంగా కన్సల్టెంట్లని పంపారు, కొన్నిటిని పోల్చడానికి అలా ఉంచారు. చేయించిన పనుల్లో బ్రహ్మవిద్య ఏదీ లేదు. నూలు స్టాకు లెక్క రాయడం, మగ్గాలు ఎందుకు ఆగిపోతున్నాయో నమోదు చేయడం, బట్టలో లోపాలెక్కడొస్తున్నాయో రోజూ చూడడం. ఉత్పాదకత మొదటి ఏడాదిలోనే 17 శాతం పెరిగింది. 2013లో పేపర్ వచ్చింది, అంతటా పేరొచ్చింది. చాలామంది అక్కడితో ఆగిపోయేవారు. వీళ్లు ఆగలేదు. ఏళ్ల తర్వాత మళ్లీ అవే ప్లాంట్లకి వెళ్లి, నేర్పినవాటిలో ఏవి మిగిలాయో చూశారు. దాదాపు సగం పద్ధతులు వదిలేశారని 2020లో రాశారు. ఎందుకు వదిలేశారో కూడా అడిగారు. మేనేజర్లు మారిపోవడం, డైరెక్టర్లకి తీరిక లేకపోవడం ప్రధాన కారణాలుగా తేలాయి. అయినా పోల్చడానికి ఉంచిన ప్లాంట్లకంటే ఇవి మెరుగ్గానే ఉన్నాయి. మొదటి పేపర్ ఏం చేయొచ్చో చెప్పింది. రెండోది ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో చెప్పింది. నాకైతే రెండోదే ఎక్కువ విలువైనది.

ఇలాంటి పనికి టైం పడుతుంది, అదే అసలు చిక్కు. సర్వే నాలుగు నెలల్లో ముగుస్తుంది. ఒక సంస్థలో ఏడాది కూర్చుని ప్రతిపాదనల వెంట నడిస్తే ఒక్క పేపర్ రావచ్చు, అదీ గ్యారంటీ లేదు. గైడ్లమైన మేమే పిల్లల్ని దగ్గరి దారిలోకి తోస్తున్నాం. 1961లో బర్న్స్, స్టాకర్ ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లోకి వెళ్లి, కొత్త టెక్నాలజీ వస్తే పాత హోదాలు ఎలా అడ్డుపడతాయో మనుషులతో మాట్లాడి రాశారు. అరవై ఏళ్లు దాటినా ఆ పని ఇంకా చదవబుద్ధవుతుంది.

నా ప్రతిపాదన ఇది. ఉద్యోగుల ఐడియాలకి మార్కులు వేసి, ఒక కటాఫ్ పెట్టి ఎంచుకునే కంపెనీలు చాలానే ఉన్నాయి. కటాఫ్‌కి కాస్త పైన ఉండి ఓకే అయినవాటినీ, కాస్త కింద ఉండి పోయినవాటినీ పోల్చి చూడొచ్చు. నాణ్యతలో అవి దాదాపు సమానమే, తేడా అంతా ఆ గీతది. తర్వాత వాటికి ఏం జరిగింది? కాదన్న ఐడియా రెండేళ్లకి ఇంకో పేరుతో తిరిగొచ్చిందా? ఇచ్చిన మనిషి మళ్లీ ఎప్పుడైనా ఐడియా ఇచ్చాడా, ఇక నోరు మూసుకున్నాడా? కంపెనీ వదిలిపోయాడా? ఈ చివరి ప్రశ్నలకి జవాబు తెలుసుకోవాలని నాకు ఎంత ఆత్రంగా ఉందో చెప్పలేను.

మీ సంస్థల్లో ఐడియా పోర్టల్ చూసుకునేవాళ్లు, ఎంపిక కమిటీల్లో కూర్చునేవాళ్లు ఇది చదువుతుంటే, దయచేసి ఆలోచించండి. పేర్లక్కర్లేదు, వ్యాపార రహస్యాలు అక్కర్లేదు. ఉద్యోగికి ఒక కోడ్, ప్రతిపాదన వచ్చిన తేదీ, ఏ విభాగం, ఎన్ని మార్కులు, ఏ స్థాయిలో కాదన్నారు, రాసిపెట్టిన కారణం, ఆ ఉద్యోగి తర్వాత ఇచ్చిన ప్రతిపాదనలు. ఇంత చాలు. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టడానికి మేం సిద్ధం. కారణం రాసిపెట్టే అలవాటు ఇంకా లేకపోతే, వచ్చే మీటింగ్ నుంచి ఒక్క వాక్యమైనా రాయించండి.